డ్రిప్పింగ్ అంటే కారడం

నా చిన్నప్పుడు, కచ్చితంగా చెప్పాలంటే 1972 జూన్ 2, శుక్రవారం, సాయంత్రం నాలుగుంపావుకి, న్యూజెర్సీలో మా అపార్ట్‌మెంట్ల పార్కింగ్‌లోకి చేపలూ చిప్సూ అమ్మే వ్యాన్ మొదటిసారి వచ్చింది. నాకు తొమ్మిదేళ్ళు. మా నాన్నమ్మ గుంటూరు నుంచి వచ్చి పందొమ్మిది రోజులు. చేపా మాంసమూ ఎరగని మనిషి. ఇంగ్లీషు రాదు. అమ్మా నాన్నా ఉద్యోగాలకి వెళ్తే ఈ దేశంలో ఆమెకి నోరంటే నేనే. అది నాకు మహా గర్వం.

వ్యాన్ ఆయన ఇంగ్లండు నుంచి వచ్చి స్థిరపడ్డ ముసలాయన. ఆయన చిప్స్ అంటే వేలెడు లావు బంగాళాదుంప ముక్కలు. ఆ వాసనకే నాన్నమ్మ మెట్లు దిగింది. చేప తగులుతుందేమో అడగమంది. చేపకొకటి, దుంపలకొకటి, రెండు బాణళ్ళూ చూపించాడాయన. నూనె ఏమిటో కూడా కనుక్కోమంది. "ఆల్ డ్రిప్పింగ్, లవ్," అన్నాడు. మా వంటింటి కుళాయి డ్రిప్పింగ్ అని అమ్మ మేనేజర్‌కి ఎన్నిసార్లు ఫోన్ చేసిందో. అందుకని నేను తడుముకోలేదు.

"కారుతుందట, నాన్నమ్మా."

"కారితే కారనీ. ఇంకో కాగితం చుట్టమను."

చుట్టాడు. ఆ రోజు నుంచి ప్రతి శుక్రవారం ఆమె కొంగున కారప్పొడి పొట్లం ముడేసుకుని దిగేది. మెట్ల మీద కూర్చుని ఇద్దరం తినేవాళ్ళం. ఇక్కడ ఆమె పగలబడి నవ్వగా నేను చూసింది ఆ మెట్ల మీదే.

జూలై 28న నాన్న తొందరగా ఇంటికొచ్చారు. వ్యాన్ మీద రాసింది చదివి, "అమ్మా, అది పారెయ్. గొడ్డు కొవ్వులో వేయిస్తున్నాడు," అన్నారు. వాళ్ళ భాషలో డ్రిప్పింగ్ అంటే అదేనట. ఆయన నా మీదకి తిరిగారు. నాన్నమ్మ చెయ్యి అడ్డం పెట్టి, పొట్లం మెట్టు మీద పెట్టి, నన్నే అడిగింది.

"ఆ మాట నీకు తెలుసా, తెలీదా?"

"సగం తెలుసు."

"సగం తెలిస్తే తెలీదనే చెప్పాలి, తల్లీ. ఇంకొకళ్ళని అడిగేదాన్ని."

పిల్లని ఏమీ అనొద్దనీ, దాని మాట మీద నడిచింది తనేననీ నాన్నకి చెప్పింది. తలస్నానం చేసి మర్నాడంతా పస్తు ఉంది.

రెండు దెబ్బలేసినా బాగుండేది. ఆ తర్వాత డాక్టరు దగ్గరికైనా పోస్టాఫీసుకైనా నాన్న కోసమే కాచుక్కూర్చునేది. నేను అడగనా అంటే, "నాన్న రానీలే," అనేది, ప్రేమగానే.

సగం తెలిసి తెలుసన్నట్టు చెప్పడమంటే నాకిప్పటికీ చిరాకు. ప్లెయిన్స్‌బరోలో మా మనవరాలు ఫుడ్ ట్రక్ బోర్డు వైపు చూడకుండానే, "ఇట్స్ ఫైన్ అమ్మమ్మా, వెజ్జే," అంటుంది. అడిగావా అంటే భుజాలెగరేస్తుంది. నేనే వెళ్ళి నూనె ఏమిటో అడుగుతాను. తెలియని మాటైతే తెలియదని చెప్పి, స్పెల్లింగ్ రాయించుకుంటాను. వెనక లైన్‌లో వాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనీ.

నాన్నమ్మ ఆ ఏడాది అక్టోబర్ 14న తిరిగి గుంటూరు వెళ్ళిపోయింది. పోయినవాటి లెక్క ఇది: పుట్టినప్పటి నుంచి పట్టిన నియమం, తొమ్మిది శుక్రవారాలు ఆమెకి తెలియకుండానే. మెట్ల మీద మేం కూర్చోని శుక్రవారాలు పదకొండు. ఆమె మా ఇంట్లోనే ఉండి, నాచేత ఒక్క మాటా అడిగించుకోని రోజులు డెబ్బై ఎనిమిది.