కెమెరాలో పడని నా తల ఊపు

మా గల్లీలో ఎవరికి సాక్షి సంతకం కావాలన్నా నా గుమ్మమే ఎక్కుతారు. రిటైరైన టీచరమ్మను, కళ్లద్దాలున్నాయి, పెన్నుంది, ఇంకేం కావాలి? భూమి కాగితాలైనా, బ్యాంకు కాగితాలైనా కింద గీకేసి పంపించేదాన్ని. ఒక్కటీ పూర్తిగా చదివిన పాపాన పోలేదు.

అలాంటి నన్ను, నంగునూరు నుంచి వచ్చి మా గల్లీలో ఆకుకూరలమ్మే ఆమె దవాఖానకు తోడు రమ్మంది. ఆమెకు షుగరు. కాలి బొటనవేలి మీద పుండు రెండు నెలలుగా మానడం లేదు. వేలు తీసేస్తే గంపెత్తుకొని తిరిగేదెట్లా అన్నది ఆమె భయం. మా సిద్దిపేటలోనే ఒక ప్రైవేటు దవాఖానలో కొత్త పూతమందును పరీక్షిస్తున్నారు. చదువు రాని మనిషి అందులో చేరాలంటే, దవాఖానతో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలట.

దవాఖానలో ఆ పరీక్షల పని చూసే అమ్మాయి ఆకుకూరలామె ముఖానికి ఎదురుగా కెమెరా బిగించింది. "సుప్రీం కోర్టుల కేసులు నడిచినంక వచ్చిన రూలు మేడం. పేదోళ్లకు తెల్వకుండ మందులు పరీక్ష చేస్తున్రని పెద్ద గొడవైంది. ఇప్పుడు ఒప్పుకునేదంత వీడియోల ఉండాలె" అంది. నాకు ధైర్యం వచ్చింది. కోర్టే కన్నేసి ఉంచాక ఇక నాదేముందిలే అనుకున్నాను.

ఆ అమ్మాయి ఒప్పుకోలు కాగితాలు పద్ధతిగానే చదివింది. కొందరికి మందున్న ట్యూబు, కొందరికి మందు లేని ట్యూబు. ఎవరికి ఏది వచ్చిందో డాక్టరుకు కూడా తెలియదు. ఎప్పుడంటే అప్పుడు మానుకోవచ్చు. మూడో పేజీకల్లా నా మనసు ఇంట్లో పప్పు నానబెట్టానా లేదా అన్న దగ్గరికి పోయింది. చివరికి "అన్ని అర్థమైనయా?" అన్న ప్రశ్న వినిపించింది. ఆకుకూరలామె నా ముఖం చూసింది. నేను తల ఊపాను.

"అర్థమైంది" అంది ఆమె. వేలిముద్ర వేసింది. నేను సంతకం చేశాను. సోమవారం ట్యూబు ఇస్తామన్నారు.

ఇంటికొచ్చాక గానీ నాకు తట్టలేదు. వీడియోలో ఆమె ముఖం ఉంటుంది, ఆమె మాట ఉంటుంది. నేను తల ఊపడం మాత్రం ఉండదు. రేపు వేలికి ఏమైనా అయితే, అన్నీ తెలిసే ఒప్పుకుందంటారు. ఆమె మాటే రుజువవుతుంది.

మర్నాడు ఆమె గంప దించీ దించకముందే అడిగాను. "నిన్న ఏం చెప్పిన్రో నీకు తెలిసిందా?"

"పుండు మానే మందు ఇస్తరట గద."

"మందు లేని ట్యూబు గూడ రావచ్చు."

తోటకూర కట్ట చేతిలోనే ఆగిపోయింది. "అట్ల చెప్పిన్రా? నువ్వు తల ఊపినవ్ గద టీచరమ్మా. అంత మంచిదే అనుకున్న."

సిగ్గుతో చచ్చిపోయాను.

శనివారం ఇద్దరం మళ్లీ వెళ్లాం. సంతకం చేసి ఇప్పుడు ఈ పేచీ ఏంటంటారేమోనని దారంతా జంకుతూనే నడిచాను. మళ్లీ చదివి చెప్పమంటే ఆ అమ్మాయి ముఖం మాడ్చుకుంది గానీ కెమెరా మళ్లీ పెట్టింది. ఈసారి నా ముఖం కనబడకుండా నా కుర్చీని ఆకుకూరలామె వెనక్కి జరుపుకున్నాను. ప్రతి పేజీ నేనూ విన్నాను.

మందు లేని ట్యూబు దగ్గర ఆమె ఆపింది. "గా ట్యూబు నాకొస్తే నా ఏలు ఉంటదా, పోతదా?"

"ఎవరికి ఏదొచ్చినా కట్టు కట్టుడు, షుగరు మందులు మామూలే అమ్మా. ఏలు సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేం."

చివరి ప్రశ్న వచ్చింది. "అన్ని అర్థమైనయా?"

ఆమె నా కోసం వెనక్కి తిరిగింది. ఊపకుండా తలను బిగబట్టుకొని నేల చూశాను. ఆమెను నట్టేట వదిలేసినట్టే అనిపించింది.

"కాలే" అంది చివరికి, కెమెరా వైపు తిరిగి. "సగమే అర్థమైంది. మల్ల మొదటికెళ్లి చెప్పున్రి."