చలికాలంలో ఉడికిన టాక్సీ

1949 జనవరి 12, బుధవారం, పొద్దున సరిగ్గా పది గంటలకు మస్తాన్ టాక్సీ మా షెడ్డు ముందుకొచ్చి ఆగింది. ఆగిందనడం మర్యాద. ఆవిరి కక్కుకుంటూ కూలబడింది. సికింద్రాబాద్ మోండా మార్కెట్ వెనక ఉన్న ఆ షెడ్డులో నేనప్పుడు రెండో మిస్త్రీని. పెద్దమిస్త్రీ, షెడ్డు యజమాని యాదగిరి. అందరూ ఉస్తాద్ అనేవారు. రెండో మిస్త్రీ ఇంజను విప్పవచ్చు, బిగించవచ్చు. జబ్బేమిటో తేల్చే మాట మాత్రం ఉస్తాద్‌దే.

పోలీసు చర్య అయి నాలుగు నెలలు. టాక్సీలకు మళ్లీ పరీక్షలు పెట్టారు. నలుగురిని ఎక్కించుకొని నేరేడ్‌మెట్ దాకా ఎత్తు మీద ఆగకుండా పోయి రావాలి. దారిలో ఉడికితే పర్మిట్ రద్దు. మస్తాన్ వంతు ఆ మధ్యాహ్నం రెండింటికి. బండి తోలడం తప్ప అతనికి వేరే పని రాదు.

వెంట భార్య ఖాసింబీ కూడా వచ్చింది. మోండాలో గాజులమ్ముతుంది, నోరు గట్టి. చేతిలో నీళ్ల డబ్బా.

"నా పిల్లలకు సుత గిన్నిసార్లు నీళ్లు తాపలే, యాదగిరన్నా" అంది.

"చలికాలంల ఉడుకుడేందిరా దీనికి?" అని ఉస్తాద్ బానెట్ ఎత్తాడు.

వేడెక్కిన బండికి మేం మొదట చూసేది నీళ్ల దారి. బండి చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టుకోకూడదు. ముట్టుకున్నవాడి మొహం చూసి మిగతావాళ్లు నేర్చుకుంటారు. చల్లారాక కింది హోస్ పైపు ఊడదీసి పైనుంచి నీళ్లు పోశాను. తడబాటు లేకుండా దిగాయి, అంటే రేడియేటర్ పూడిపోలేదు. ఫ్యాన్ బెల్టు బొటనవేలితో నొక్కితే ఎంత దిగాలో అంతే దిగింది. మళ్లీ నీళ్లు నింపి, మూత పెట్టకుండానే ఇంజను నడిపాం. నీళ్లు తిరుగుతున్నాయి కాబట్టి పంపు బాగుంది. బుడగలొస్తే గ్యాస్కెట్ పోయినట్టు. ఒక్క బుడగా రాలేదు.

అప్పటికి పన్నెండు దాటింది. లోపలి దారుల్లో తుప్పు పట్టి ఉంటుంది, ఇంజను మీది మూత లాంటి హెడ్ విప్పాల్సిందేనని ఉస్తాద్ తేల్చాడు. హెడ్ విప్పడం రోజంతా పట్టే పని. మస్తాన్ పాత టైరు మీద చతికిలబడ్డాడు.

"విప్పితే రెండు గంటలకు ఎట్ల పోత, ఉస్తాద్?"

"విప్పకుంట పోయి ఏం జేస్తవ్? ఆ నీళ్లతోని ఇన్‌స్పెక్టర్‌కు చాయ్ కాస్తవా?"

ఖాసింబీ ఊరుకోలేదు.

"గడ్‌బడ్ టైంల మీరేనాయె దీనికి ఇప్పసారా తాపింది. ఇప్పుడు ఉత్త పెట్రోల్ పోస్తే మత్తు దిగి తలకాయ నొస్తున్నట్టుంది."

అందరం నవ్వాం. ఉస్తాద్ నవ్వు మాత్రం మధ్యలోనే ఆగిపోయింది. స్పానర్ కింద పెట్టేశాడు.

సంగతేమిటంటే, పోలీసు చర్యకు ముందు, ఆ గడ్‌బడ్ రోజుల్లో, సరిహద్దుల్లో సరుకులు ఆగిపోయి పెట్రోలు కరువైంది. ఇప్పపువ్వు నుంచి తీసిన స్పిరిట్ కలిపి బండ్లు నడిపేవాళ్లం. ఆ కల్తీకి స్పార్కు కొంచెం ముందుగా పడినా ఇంజను తట్టుకుంటుంది, బాగా లాగుతుంది కూడా. అందుకని ఉస్తాద్ స్వయంగా మస్తాన్ బండికి స్పార్కు పడే టైమింగ్ ముందుకు తిప్పాడు. తర్వాత బండి నెలల తరబడి కాప్రాలో చుట్టాల ఇంట్లో పడి ఉంది. బయటికి తీశాక నల్లపొగ చూసి మస్తాన్ పెట్రోలు పారే కార్బురేటర్ జెట్ మార్పించాడు. టైమింగ్ ఎవరికీ గుర్తులేదు. ఉత్త పెట్రోలుకు స్పార్కు అంత ముందు పడితే పైకొస్తున్న పిస్టన్‌ను మంట కిందికి గుద్దుతుంది. ఆ బలమంతా వేడి అవుతుంది.

"సర్కారు మారిన ఖబర్ నీ బండికి అందలేరా!" అని ఉస్తాద్ తొడ చరిచాడు. తప్పు తనదైనా ఆయన గొంతు తగ్గేది కాదు. నా వైపు తిరిగి, "ఏ నర్సిగా, డిస్ట్రిబ్యూటర్ బోల్టు వదులు చెయ్."

టైమింగ్ గీత తుప్పులో కలిసిపోయింది. ఉన్నా పక్కన రాసింది నేనప్పుడు చదవలేను, అక్షరాలు నాకు నలభై దాటాక వచ్చాయి. కాబట్టి చెవే ఆధారం. స్పార్కు పంచే ఆ డిస్ట్రిబ్యూటర్‌ను నేను వెంట్రుకవాసి చొప్పున వెనక్కి తిప్పుతుంటే ఉస్తాద్ ఇంజను విన్నాడు. మరీ వెనక్కి పోయినా బండి వేడెక్కుతుంది. రోడ్డు మీద సరిచూసుకునే వ్యవధి లేదు. ఆయన "బస్" అన్నచోట బోల్టు బిగించాను.

రెండింటికి పరీక్ష పెట్టిన ఇన్‌స్పెక్టర్ రంగస్వామి మద్రాసు వైపునుంచి కొత్తగా వచ్చినవాడు. వెనక సీటులో ఉస్తాద్‌తో, నాతో పాటు కూర్చున్న ఖాసింబీని చూసి, "ఈవిడెవరయ్యా?" అన్నాడు.

"నాలుగో బరువు, సార్" అన్నాడు మస్తాన్.

"ఇంటికి రా, బరువు సంగతి చెప్త" అని వెనకనుంచి ఖాసింబీ.

ఎత్తు మొదలవగానే టక్ టక్ అని రెండుసార్లు వినబడింది. మస్తాన్ యాక్సిలరేటర్ వదలబోయాడు. ఉస్తాద్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ మాత్రం చప్పుడు ఉండాలి, స్పార్కు సరైన చోట పడుతోందనడానికి అదే గుర్తు. మూడోసారి రాలేదు. పైన ఇంజను ఆపకుండా బండి ఆపించి, ఇన్‌స్పెక్టర్ దిగి రేడియేటర్ ముందు చెయ్యి పెట్టి చూశాడు. "వేడి ఉంది, ఉడుకు లేదు" అన్నాడు. మోండాకు తిరిగొచ్చాక పర్మిట్ మీద ముద్ర వేశాడు.

ఆ తర్వాత వేడెక్కిన ఏ బండి వచ్చినా నేను ముందు పానా పట్టలేదు. ఇదివరకు ఏం తాగింది, ఎవరు చెయ్యి పెట్టారు, ఎన్నాళ్లు పడి ఉంది అని అడిగాకే బానెట్ ఎత్తాను. అడిగితే చెప్పడానికి బండితో వచ్చిన మనిషొకరు ఉంటారు. ఆ మనిషి డ్రైవరే కానక్కర్లేదు.

ఆ రోజు బండిలో ఉన్నవాళ్లం: తోలింది మస్తాన్, పక్కన ఇన్‌స్పెక్టర్ రంగస్వామి, వెనక ఉస్తాద్ యాదగిరి, నర్సింహ అనే నేను, కిటికీ పక్కన ఒళ్లో నీళ్ల డబ్బాతో ఖాసింబీ.