ఉప్పుకాగితం

దర్జీ చొక్కా జేబులో సుద్దముక్కతోపాటు మడతపెట్టిన ఉప్పుకాగితం ఎప్పుడూ ఉంటుంది. షికార్లు తిరగాలని తనూ తమ్ముడూ కలిసి తుప్పుపట్టిన పాత చిన్న కారొకటి కొన్నారు. దాన్ని బాగుచేసే పని సగంలో ఉండగా తమ్ముడు పోయాడు. దర్జీ ఏడవలేదు. రోజూ కొట్టు తెరిచేముందు గంటసేపు ఉప్పుకాగితంతో తుప్పు గీకాడు, చిల్లులకు రేకు మాసికలు వేయించాడు, సీట్లకు గుడ్డ తనే కుట్టాడు, రంగు వేశాడు. ఇవాళ తమ్ముడి భార్య వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

“కారుని పెళ్లికూతుర్ని చేసింది చాలుగానీ, పదండి బావగారూ. ఆయన బదులు నేనొస్తాను.”

దర్జీ తాళం తిప్పగానే ఇంజను పలికింది. ఆయన ఆపేసి దిగాడు.

“తలుపు మీద తుప్పు మిగిలిందమ్మా.”

“తుప్పు కాదు, కరెంటు స్తంభం నీడ.”

“ఒక్క నిమిషం,” అంటూ ఆయన ఉప్పుకాగితం తీసి రుద్దసాగాడు. నీడ పక్కకు జరిగేసరికి, కొత్త రంగు లేచిపోయి రేకు బయటపడింది.