మూడు అక్షరాలు పోయిన నాణెం

ప్రభావతి ఏలూరులోని ఒక బాలికల ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పేవారు. 2006 నాటికి ఆమె వయసు నలభై ఆరు. తండ్రి రాజరత్నం తాడేపల్లిగూడెం రైల్వే స్టేషన్లో బుకింగ్ క్లర్కుగా పనిచేసిన రోజుల్లో, కౌంటర్లోకి వచ్చిన పాత అణాలను తన జీతంలోంచి మార్చి తెచ్చి ఆమెకు ఇచ్చేవారు. నాణేల సేకరణ అలా మొదలైంది.

ఆ పనిలో ఆడవాళ్ళు తక్కువ. తాడేపల్లిగూడెంలో పాత రాగి, ఇత్తడి సామాను కొనే రామలింగం గారి దుకాణానికి ఆమె మొదటిసారి వెళ్ళినప్పుడు, ఆయన కళ్ళజోడు సవరించుకుని అడిగారు.

"మీవారు సేకరిస్తారా అండీ?"

"నేనేనండీ. నాకు పెళ్ళి కాలేదు."

"అహా! ఆడవాళ్ళు పోపులడబ్బాలో డబ్బులు దాచడం చూశాను గానీ, ఆల్బంలో దాచడం ఇదే చూడటమండీ."

"పోపులడబ్బాలో పెడితే పసుపు అంటుకుంటుందండీ," అన్నారు ప్రభావతి. ఆయన నవ్వారు. తరువాత పదేళ్ళపాటు మంచి నాణెం వస్తే ముందు ఆమెకే కబురు పెట్టేవారు.

2006 జూలైలో ఆమె పాఠశాలలో నాణేల సంఘం పెట్టారు. ప్రతి శనివారం సాయంత్రం పన్నెండుమంది బాలికలు ప్రయోగశాల బల్ల చుట్టూ చేరేవారు. వారిలో నిస్సీ పదో తరగతి. కొల్లేటి గ్రామం నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఆమె తండ్రి ఇస్సాకు చేపల చెరువు మీద కూలీ. ఆ వేసవిలో ప్రభుత్వం కొల్లేరు సరస్సులోని చేపల చెరువుల గట్లు కొట్టేశాక ఆయనకు పని లేదు. డిసెంబరులో ఉండి అనే ఊరి వైపు చెరువుల మీద పని కుదిరింది. క్రిస్మస్ కాగానే కుటుంబమంతా వెళ్ళాలి.

పదో తరగతి పరీక్షలు మార్చిలో. ప్రభావతి తిరిగి తిరిగి హాస్టల్లో ఒక సీటు సంపాదించి ఇస్సాకుకు చెప్పారు.

"పిల్ల ఉంటానంటే నాకేం అడ్డు లేదండీ," అన్నాడాయన. "దాని నోటితో అది చెప్పాలండీ."

నిస్సీ ఉంటాననే అంది. దానికొక కారణం నాణెం. తెగిన గట్టు మట్టిలో తండ్రికి దొరికిన రాగి నాణేన్ని డిసెంబరు తొమ్మిదిన తెచ్చి చూపింది. పదిహేడు మిల్లీమీటర్ల వ్యాసం, రెండు గ్రాముల చిల్లర బరువు. ఒకవైపు సింహంలాంటి బొమ్మ, రెండోవైపు అంచున పచ్చని పొరలో మూడు అక్షరాలు. ప్రభావతి వాటిని చదవలేకపోయారు. పక్కనుంచి వెలుతురు పడేలా ఫొటో తీసి పురావస్తు శాఖకు పంపాలనీ, దొరికినవారి పేర్లలో నిస్సీ పేరు కూడా రాయాలనీ నిర్ణయించారు. కెమెరా వచ్చే శనివారానికి గానీ దొరకదు. "అంతవరకూ నీ దగ్గరే భద్రంగా ఉంచు," అన్నారు.

నిస్సీ వాళ్ళ చర్చిలో క్రిస్మస్ ముందు కానుకల పళ్ళేలనూ ఇత్తడి గంటనూ ఈడొచ్చిన ఆడపిల్లలు చింతపండు, ఉప్పు వేసి తోముతారు. ప్రభువు ముందు పెట్టేది మాసిపోయి ఉండకూడదని పెద్దల మాట. ఆ వారం వంతు నిస్సీది. ఫొటోలో బాగా కనబడాలని పళ్ళేలతోపాటు నాణేన్నీ తోమింది.

పదహారో తేదీ సాయంత్రం అది బల్ల మీద కొత్త రాగిలా మెరిసింది. భూమిలో పడివున్న రాగి పైనుంచి లోపలికి క్రమంగా పచ్చని పొరగా మారుతుంది. అక్షరాల ఆకారం లోహంలో చెరిగిపోయి, ఒక్కోసారి ఆ పొరలోనే మిగులుతుంది. చింతపండులోని ఆమ్లం పొరను కరిగించింది. అక్షరాలు దానితోపాటే పోయాయి.

"ఎవరు తోమమన్నారు నిన్ను?" అన్నారు ప్రభావతి. "ఇన్నాళ్ళుగా ఏం నేర్చుకున్నావు? గిన్నెలు తోముకోవడానికే పనికొస్తావు నువ్వు."

మిగతా పదకొండుమందిలో ఎవరో కిసుక్కున నవ్వారు. నిస్సీ నాణేన్ని బల్ల మీదే వదిలి బస్సుకు వెళ్ళిపోయింది.

సెలవులు ముగిసి జనవరి మూడున బడి తెరిచారు. నిస్సీ రాలేదు. ప్రభావతి సంఘం హాజరు పుస్తకం తీశారు. నాణేలను దేనితోనూ తోమకూడదని ఆమె చెప్పింది జూలై ఎనిమిదిన, ఒక్కసారే. నిస్సీ చేరింది పదిహేనున.

ఏడో తేదీ ఆదివారం ప్రభావతి ఉండి ఊరికి వెళ్ళారు. నిస్సీ చెరువు గట్టు మీద తవుడు కలిపి, చేపల మేతకు నీళ్ళలో వేలాడదీసే చిల్లుల సంచుల్లో నింపుతోంది. మోచేతుల దాకా తవుడు.

"తోమకూడదని నీకు నేను చెప్పనే లేదు నిస్సీ. నువ్వు చేరకముందు చెప్పాను. తప్పు నాది."

"అయ్యో, అలా అనకండి టీచరండీ." ఇంకో గుప్పెడు తవుడు సంచిలో వేసి అడిగింది. "అక్షరాలు మళ్ళీ కనబడతాయాండీ?"

ప్రయత్నిద్దామని అనవచ్చు. ప్రభావతి అబద్ధం చెప్పలేదు. "కనబడవమ్మా."

నిస్సీ తల ఊపింది.

"హాస్టల్లో సీటు అలాగే ఉంది. ఇవాళే బయలుదేరవచ్చు."

సంచులు మోస్తున్న ఇస్సాకు ఆగాడు. "నేను రెండుసార్లు అడిగానండీ. నోరు విప్పలేదు. వెళ్తావా అమ్మా?"

"వాళ్ళందరి ముందూ మళ్ళీ కూర్చోలేను నాన్నా."

"అందరి ముందూ నేనే చెబుతాను, తప్పు నాదని," అన్నారు ప్రభావతి.

"మీరు చెబుతారండీ. వాళ్ళకు గుర్తుండేది మాత్రం మీరు ముందన్న మాటేనండీ."

అందులో కోపం లేదు. కోపమైతే సమాధానం చెప్పే వీలుండేది.

మార్చిలో నిస్సీ పరీక్ష రాయలేదు. ఆ జనవరి ఆదివారం బస్సుకు ఇంకా నలభై నిమిషాల సమయం ఉంది. ప్రభావతి చెప్పులు విప్పి గట్టు మీద కూర్చుని, ఒక ఖాళీ సంచి మూతిని రెండు చేతులతో తెరిచి పట్టుకున్నారు. నిస్సీ వద్దనలేదు. తవుడు పోసింది. బస్సు వచ్చేలోగా పద్నాలుగు సంచులు నిండాయి.