పీపాలాయన పూసిన రంగు

ఆ సరస్సు మీద పీపాల్లా తేలుతూ లాంచీలకు దారి చూపే ఇనుప బోయాలన్నిటికీ పీపాలాయనే దిక్కు. ఎర్ర బోయాను ఎడమ పక్కన, పచ్చదాన్ని కుడి పక్కన ఉంచుకుని వస్తే లాంచీకి ఏ రాయీ తగలదు. ఏడాదికోసారి ఒక్కోదాన్నీ ఒడ్డుకు లాగి, నాచు గీకి, రంగు పూసి, మళ్లీ గొలుసుకు తగిలించడం ఆయన పని. పొద్దుటి మంచులో అవి తలలూపుతుంటే, కథ వింటూ నిద్రలో ఊకొట్టే పిల్లల్లా ఉన్నాయనేవాడు.

వింతేమిటంటే, ఆయన కళ్లకు పుట్టినప్పటినుంచీ ఎరుపూ పచ్చా ఒక్కటే. పండు మిరపకాయేదో పచ్చిదేదో కొరికినా తెలియదు, రెండూ మండుతాయి కదా! ముప్పై ఏళ్లుగా ఈ రహస్యాన్ని భార్య కడుపులో దాచుకుంది. పైవాళ్లకు తెలిస్తే ఆ రోజుతో ఉద్యోగం చెల్లు. ఎర్ర రంగు పెద్ద డబ్బాలో, పచ్చ రంగు చిన్న డబ్బాలో వచ్చేవి కాబట్టి బండి నడిచిపోయింది.

ఆ ఉదయం రాళ్లగుట్ట దగ్గరి ఎర్ర బోయాను నీళ్లలో వదిలి వచ్చి, పెరట్లో కూర్చుని మంచులోకి చూస్తున్నాడు. కూతురు మొదటిసారి ఒంటరిగా లాంచీ నడుపుకుంటూ, అవతలి ఒడ్డునుంచి జనాన్ని తీసుకొస్తోంది. తెల్లటి ఆ మెత్తదనంలోంచి ఆమె తేలి వస్తుందని తలుచుకుంటే ఆయనకు ఒళ్లు పులకరించింది.

"ఎర్ర బోయాకి పూశానన్నారు, చొక్కా నిండా ఈ పచ్చ మరకలేంటండీ?" బట్టలు ఉతుకుతున్న భార్య అడిగింది.

డబ్బాలు తారుమారై వచ్చాయి! ఆయన చెప్పుల్లేకుండా పరిగెత్తి పడవెక్కాడు. కలలో పరుగులాగా, ఎంత తెడ్డు వేసినా బోయా దగ్గరపడదు. అంతలో ఇంజను చప్పుడు వినిపించింది.

"కుడికి తిప్పు తల్లీ! కుడికి! అది ఎర్రది!"

లాంచీ ఒరిగి, రాళ్లను మూరెడు దూరంలో తప్పించుకుని ఆగింది. పాలిపోయిన ముఖంతో కూతురు అంచు మీదికి వంగింది.

"ఎర్రదేంటి నాన్నా? నిగనిగలాడే పచ్చది! కనబడట్లేదా నీకు?"

జనమంతా చెవులు రిక్కించారు. తప్పును డబ్బాల మీదికి తోసేయొచ్చు, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ రేపు కూడా ఈ పిల్ల ఈ దారినే రావాలి. ఆయన పడవలో లేచి నిలబడి, అందరికీ వినబడేలా అన్నాడు.

"కనబడదమ్మా. ఎప్పుడూ కనబడలేదు."