ఆఖరున వచ్చిన తాండీవే

స్కూల్లో పరుగు ప్రాక్టీసు ముగించుకుని మా అమ్మాయి కారెక్కగానే నొప్పుల బామ్ వాసన గుప్పుమంది. నాకు తాండీవే గుర్తొచ్చింది. వెంటనే కాస్త ఒళ్లు మండింది కూడా. అమెరికాలో, క్యారీ అనే ఊళ్లో నేను మొదట చేరిన మందుల కంపెనీలో ఆవిడ మా మేనేజరు. ఆవిడది ఆఫ్రికాలోని మలావీ. నా పేరు పలకడం రాక సునీటా అనేది. ఆఫీసు కుర్చీలో కూర్చునే మోకాళ్లకు బామ్ రాసుకునేది. ఒకప్పుడు తన దేశం తరఫున ఒలింపిక్స్‌లో ఎనిమిది వందల మీటర్ల పరుగుపందెంలో పాల్గొంది.

ఆ సంగతి తెలిసిన ప్రతివాళ్లూ అడిగేది ఒకటే, పతకం వచ్చిందా అని. లేదు, మొదటి రౌండులోనే ఆఖరున వచ్చానని ఆవిడ ప్రతిసారీ విడమరిచి చెప్పేది. ఒలింపిక్స్‌కి వెళ్లానని చెప్పి ఊరుకోవచ్చు కదా అని నేను విసుక్కునేదాన్ని. ఊరుకోవడం ఆవిడకు చేతకాదు. ఒకసారి ఒలింపిక్స్ ప్రారంభోత్సవం టీవీలో చూడ్డానికి మా టీమంతటినీ ఇంటికి పిలిచింది. ఒక్కో దేశం జట్టూ నడిచి వస్తూ మలావీ వంతు దగ్గర పడుతుండగా అందరినీ లేచి నిలబడమంది. తింటున్న ప్లేట్లు పట్టుకునే నిలబడ్డాం. సరిగ్గా అప్పుడే టీవీవాళ్లు ప్రకటనలు వేశారు. కారు ఇన్సూరెన్సు, ఆపైన పిజ్జా. అవి అయ్యేసరికి మలేషియా కూడా దాటిపోయింది. నాకు తల బాదుకోవాలనిపించింది.

"వాళ్లు నడిచారు, మనం నిలబడ్డాం" అని ఆవిడ కూర్చుంది.

తర్వాత కొన్నాళ్లకు, మేం పరీక్షిస్తున్న మందు పనిచేయదని తేలింది. టీమంతటికీ ఉద్యోగాలు పోతున్నాయన్నారు. నాది హెచ్‌-వన్ వీసా. త్వరగా ఇంకో ఉద్యోగం దొరక్కపోతే పెట్టె సర్దుకోవాల్సిందే. ఆ సమయంలో ఈవిడ ఆ మందు పరీక్షల చివరి రిపోర్టు పూర్తి చేయమంది. ఇంట్లో మావారు, "అదెవడు చదువుతాడు? ముందు రెజ్యూమె అప్‌డేట్ చెయ్" అన్నారు. ఆ మాటే కాస్త మర్యాదగా ఆవిడతో అన్నాను.

అప్పుడు తన ఒలింపిక్స్ పరుగు సంగతి చెప్పింది. రెండో చుట్టులో తొడ కండరం పట్టేసిందట. మిగతావాళ్లందరూ ముగించేశారు. తర్వాతి పందెం అమ్మాయిలు ఎదురుచూస్తున్నారు. పక్కకు వచ్చేయమని ఓ అధికారి చెయ్యి ఊపాడట. అయినా కుంటుకుంటూ గీత దాటింది.

"వచ్చేయాల్సింది కదా" అన్నాను.

"మా స్కూలంతా రేడియో దగ్గర ఉంది, సునీటా. ఆఖరున వచ్చిందంటే, పరిగెత్తిందని తెలుస్తుంది. మధ్యలో వదిలేసిందంటే, నా వెనకాల ఇంకో పిల్లని ఎవరు పంపిస్తారు?"

నా వీసాకీ ఆ పరుగుకీ సంబంధమేమిటో నాకు అర్థం కాలేదు. తిట్టుకుంటూనే రాశాను. పనిచేయని మందును ఇంకెవరో మళ్లీ రోగుల మీద ప్రయోగించకూడదని, ఆవిడ నాచేత చాలా వాక్యాలు తిరగరాయించింది. మధ్యమధ్యలో నాకోసం తెలిసినవాళ్లందరికీ ఫోన్లూ చేసింది. వీసా గడువు మీదికొచ్చాక ఉద్యోగం దొరికింది. ఆ రిపోర్టు ఎవరైనా చదివారో లేదో ఈ రోజుకీ తెలియదు.

ఆవిడ తన దేశం వెళ్లిపోయి ఆడపిల్లలకు పరుగు నేర్పింది. పోయిన చలికాలంలో కన్నుమూసింది. నాకు మాత్రం ఈ జబ్బు అంటించి పోయింది. మొన్న మా ఆఫీసులో ఒక ప్రాజెక్టు ఆపేశారు. అందరూ మీటింగులోంచి లేచి వెళ్తుంటే, చివరి రిపోర్టు ఎవరు రాస్తున్నారని అడిగాను.

"ఎందుకక్కా, ఎవరు చూస్తారు?" అంది వరంగల్ నుంచి కొత్తగా వచ్చినమ్మాయి, మొహం చిట్లిస్తూ.

ముందు కూర్చోమన్నాను.