రోషన్‌దాన్ల శివమ్మ

మా పెద్దమ్మ శివమ్మ భయపడనిది ఏదైనా ఉందా అని ఇంట్లో అందరం ఆటపట్టించేవాళ్లం. బర్రెలంటే భయం, బావులంటే భయం, నిచ్చెనంటే మరీ భయం. అలాంటి మనిషికి సంగారెడ్డిలో ఓ సర్కారు కచేరీలో దొరికిన పని, చూరు కింద ఎత్తున, గాలీ వెలుతురూ రావడానికి పెట్టిన చిన్న కిటికీలు, రోషన్‌దాన్లను తెరవడం, మూయడం. అదృష్టం కొద్దీ వాటికి తాళ్లు వేలాడేవి. కింద నిలబడి లాగితే చాలు.

ఆ రాతి కచేరీ కట్టినవాళ్లెవరో గానీ తెలివైనవాళ్లు. చలికాలంలో దక్షిణం కిటికీలు తీస్తే ఎండ లోపలిదాకా వచ్చేది, వెచ్చబడిన బండలు సాయంత్రందాకా చల్లారేవి కావు. ఎండాకాలంలో వేడిగాలి రోషన్‌దాన్లలోంచి పోయేది. గుమాస్తాలు హాయిగా కునుకు తీసేవాళ్లు, అది వేరే సంగతి.

యాభై ఆరు జనవరిలో మబ్బు పట్టి ఎండ మొహం కనబడలేదు. గుమాస్తా ఫజలుద్దీన్ ఒక పొద్దున బొగ్గుల కుంపటి తెప్పించుకున్నాడు.

"శివమ్మా, కిటికీలు, రోషన్‌దాన్లు అన్నీ బంద్ చెయ్. చలి పానం తీస్తున్నది."

"అట్లనే సాబ్," అని అన్నీ మూసి, తలుపు దగ్గరికి వేసి, ఆమె వరండా ఊడవడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆయన బల్ల మీద వాలిపోయి ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. గదిలో పొగ కూడా లేదు. ఆమె అరుపుకు జవాను సంగప్ప వచ్చాడు. ఇద్దరూ కలిసి ఆయన్ని వరండాలోకి ఈడ్చారు. కాసేపటికి వాంతి చేసుకుని కళ్లు తెరిచాడు.

"ఏమైంది సంగప్పా? పొగనే లేకుండె గద!" అంది శివమ్మ.

"పొగ లేకున్నా బొగ్గుల గాలి సంపుతది. మూసిన అర్రల కుంపటి పెడ్తరా ఎవలన్న?"

శివమ్మ పైప్రాణాలు పైనే పోయాయి. ఇంట్లో కూతురు కౌసల్య పచ్చి బాలింత. గాలి సోకుతుందన్న భయంతో పొద్దున తనే మంచం పక్కన కుంపటి పెట్టింది. కిటికీ సందుల్లో బట్టలు కుక్కింది. లోపల గడియ వేసుకోమని ఒకటికి రెండుసార్లు చెప్పి మరీ వచ్చింది.

చీపురు అక్కడే పడేసి పరుగెత్తింది. దారిలో బర్రెల మంద అడ్డమొస్తే మధ్యలోంచే దూరిపోయిందని మా అమ్మ చెప్పేది. తలుపు బాదింది. "కౌసల్యా! గడియ తియ్యి బిడ్డా!" లోపల అలికిడి లేదు. పసిదాని ఏడుపు కూడా లేదు. నా చేతులతోనే చంపుకున్నా అనుకుంది.

ఇంటికి ఆనుకుని నిచ్చెన ఉంది. ఎప్పుడెక్కిందో, ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. గూనపెంకులు రెండు చేతులా పీకి కింద విసిరింది. గోళ్లు చిట్లి నెత్తురు కారింది. కన్నంలోంచి వేడి మొహానికి కొట్టింది. మనిషి దూరేంత సందు చేసి లోపలికి దూకింది, గడియ తీసి తలుపు బార్లా తెరిచింది.

చల్లగాలి లోపలికి వచ్చింది. ముందు పసిది సన్నగా ఏడ్చింది. కౌసల్య మాత్రం కదల్లేదు. శివమ్మ ఆమె చెంపలు తడుతూనే ఉంది. ఎంతసేపటికో పెదవులు కదిలాయి.

"అవ్వా... చలి పెడుతున్నది. తలుపెయ్యి."

శివమ్మ కూతురి తల ఒళ్లో పెట్టుకుని బావురుమంది.

"పెట్టనీ బిడ్డా. చలి పెడుతున్నదని ఇంకోసారి అను."